ఎండిన ఆకు వేరు, తయారైన ఆకు వేరు
(పొగాకు క్యూరింగ్ గురించి మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి మాత్రం ప్రత్యేక సంచిక కోసం ఎవరికి తెలిసిన విషయం మీద వారు అరగంట మాట్లాడాలని కార్యదర్శి గారు ఆదేశించారు. ముప్పై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాడికి ఫైళ్లు తప్ప ఏం తెలుస్తాయని తప్పించుకోబోయాను. "ప్రకాశం జిల్లాలో అన్నేళ్లు పనిచేశారు గదా, పొగాకు గురించి చెప్పండి" అన్నారు. ఆ మాటకు మాత్రం కాదనలేకపోయాను.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మా బావగారిది అదే జిల్లాలో పొగాకు వ్యవసాయం. జనవరి నుంచి మార్చి దాకా, ఆకు కోతల కాలంలో, ఆదివారం వచ్చిందంటే నేను వాళ్ల బ్యారన్ దగ్గరే ఉండేవాణ్ణి. రాత్రిళ్లు పొయ్యి దగ్గర మంచం వేసుకుని ఆ పని చూశాను, కొంత చేశాను. నాకు సిగరెట్టు గానీ చుట్ట గానీ అలవాటు లేదు. మిమ్మల్ని తాగమని చెప్పడానికీ రాలేదు. ఒక పచ్చి ఆకు మార్కెట్లో విలువైన సరుకుగా ఎలా మారుతుందో, ఆ మార్పులో ఏది మారుతుందో, ఏది మారదో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా వచ్చింది. మన నేలలో స్థిరపడి నాటు పొగాకు, గోదావరి లంకల్లో పండే లంక పొగాకు వంటి రకాలుగా మన పల్లెల్లో చుట్టకూ నశ్యానికీ చాలా కాలంగా వాడుకలో ఉంది. సిగరెట్లకు వాడే వర్జీనియా రకం గుంటూరు ప్రాంతానికి 1920ల్లో వచ్చింది. దానితోపాటే బ్యారన్లూ వచ్చాయి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1975లో చట్టం చేసి, 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డును నెలకొల్పారు. ఇదంతా ఒక ఆకు కోసం.

ఇక అసలు విషయానికి వస్తాను. పొలంలో ఉన్న పొగాకు ఆకుకు మీరు సిగరెట్టులో చూసే రంగు ఉండదు, ఆ వాసనా ఉండదు. నలిపితే పసరు వాసన, చేతులకు నల్లటి జిగురు. అందులో నూటికి 80 నుంచి 90 పాళ్లు నీరే. నీటిని తీసెయ్యడమే గదా, ఎండలో పడేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో మా బావగారిని ఇదే అడిగాను. ఆయన ఏమీ చెప్పకుండా నాలుగు ఆకులు తెచ్చి మిట్టమధ్యాహ్నం ఇంటి కప్పు మీద విడివిడిగా పరిచారు. సాయంత్రానికి అవి ఎండిపోయాయి, కానీ పచ్చగానే ఎండిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గడ్డి వాసన. "ఇది ఎండిన ఆకు. బ్యారన్‌లోంచి వచ్చేది తయారైన ఆకు. రెంటికీ తేడా అంతే" అన్నారు.

ఆ తేడా ఎందుకు వస్తుందో తర్వాత వ్యవసాయశాఖ వారి కరపత్రాలు చదివి తెలుసుకున్నాను. కోసిన ఆకు కోసిన క్షణంలోనే చచ్చిపోదు. ఒకటి రెండు రోజులు ప్రాణంతోనే ఉంటుంది. ఆ వ్యవధిలో లోపల చాలా పని జరుగుతుంది. ఆకులో నిల్వ ఉన్న పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. పచ్చరంగు విరిగిపోతుంది. దాని చాటున మొదటినుంచీ ఉన్న పసుపు రంగు అప్పుడు బయటపడుతుంది. ఈ పని పూర్తి కాకముందే ఆకును చంపేస్తే పచ్చదనం, పిండి, పసరు వాసన అలాగే మిగిలిపోతాయి. పని పూర్తయ్యాక కూడా చంపకుండా వదిలేస్తే, ఆకు తన చక్కెరను తానే తినేసి గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. క్యూరింగ్ అంటే ఆకుకు ఎంతసేపు ప్రాణం ఉంచాలి, ఎప్పుడు తీయాలి అన్న లెక్క.

ఒక్కో పొగాకుకు ఆ లెక్క ఒక్కో రకంగా ఉంటుంది. వినుకొండ ప్రాంతంలో పండే బర్లీ పొగాకును నీడపట్టున పాకల్లో వేలాడదీసి వారాల తరబడి గాలికి ఆరబెడతారు. ఆ ఆకు నెమ్మదిగా చనిపోతుంది గనుక దానిలో చక్కెర దాదాపు మిగలదు, రంగు గోధుమరంగు. నాటు పొగాకును ఎండకు ఆరబెడతారు. వర్జీనియాను మాత్రం బ్యారన్‌లో వేడితో, ఆరేడు రోజుల్లో తయారు చేస్తారు. సరైన ఘడియలో వేడి పెంచి ఆకు జీవక్రియను ఆపేస్తారు కాబట్టి చక్కెర నిలిచిపోతుంది, పసుపు రంగు నిలిచిపోతుంది. ఆకుల రకాలు వేరే అయినా, సిగరెట్టుకూ చుట్టకూ ఉన్న తేడాలో చాలా భాగం ఈ ఆరబెట్టే తీరులోనే ఉంది.

బ్యారన్ చూడనివారి కోసం చెబుతాను. పాతకాలపు బ్యారన్ అంటే పొడవు, వెడల్పు, ఎత్తు సుమారు 16 అడుగులు ఉండే గది. లోపల కింది నుంచి పైదాకా వరసలు వరసలుగా దూలాలు. పొయ్యి నోరు బయట ఉంటుంది. వేడిని మోసే పెద్ద రేకు గొట్టాలు నేలకు కొంచెం ఎత్తున గది అంతా తిరిగి పొగగొట్టంలో కలుస్తాయి. పొగ ఆకుకు తగలదు, వేడి మాత్రమే తగులుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను. కింద గాలి వచ్చే కంతలు, పైన తేమ పోయే వెంటిలేటర్లు ఉంటాయి. మొక్కకు అడుగు ఆకులు ముందు పండుతాయి. కాబట్టి వారానికొకసారి రెండు మూడేసి ఆకుల చొప్పున కోసుకొచ్చి, ఆడవాళ్లు కర్రలకు అటూ ఇటూ దారంతో అల్లుతారు. ఆ కర్రలను వరసగా దూలాలకు ఎక్కించి తలుపు మూస్తారు.

మొదటి దశ ఆకును పసుపెక్కించడం. వేడి 95 నుంచి 105 డిగ్రీల ఫారెన్‌హీట్. అంటే మనకు జ్వరం వచ్చినప్పుడు ఉండేపాటి వేడి, అంతే. వెంటిలేటర్లు మూసి ఉంటాయి. ఎందుకంటే ఇప్పుడు ఆకు ఆరకూడదు, వాడాలి. బయట గాలి మరీ పొడిగా ఉంటే నేల మీద నీళ్లు కూడా చల్లుతారు. ఆరబెట్టే గదిలో నీళ్లు చల్లడమేమిటని నాకు మొదట నవ్వొచ్చింది. ఒకటిన్నర రెండు రోజులు ఈ దశ సాగుతుంది.

రెండో దశ రంగు నిలపడం, ఆకు పొరను ఆరబెట్టడం. వెంటిలేటర్లు కొంచెం కొంచెంగా తెరుస్తూ, వేడిని గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుకుంటూ 140 దాకా తీసుకెళతారు. పంట భవిష్యత్తు అంతా ఇక్కడే తేలుతుంది. తొందరపడి ఒక్కసారిగా మంట పెంచారా, పసుపెక్కని భాగం పచ్చగానే బిగుసుకుపోతుంది. వెంటిలేటర్లు తెరవడం ఆలస్యమైందా, లోపల తేమ పోవడానికి దారిలేక ఆకు ఉడికినట్టయి గోధుమరంగు మచ్చలు పడుతుంది. ఈ రెండింటినీ తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

మూడో దశ ఈనె ఆరబెట్టడం. ఆకు ఎండినా నడిమి ఈనెలో నీరు మిగిలే ఉంటుంది. వెంటిలేటర్లు మళ్లీ మూసి వేడిని 160 దాకా పెంచుతారు. అంతకు మించితే ఆకు ఎర్రబడుతుంది. ఈనె సగం ఆరగానే దింపేస్తే, ఆ మిగిలిన తడి తర్వాత ఆకంతటికీ పాకి బూజు పడుతుంది. మా బావగారి దగ్గర బ్యారన్ కాల్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అక్షరం ముక్క రాదు. లోపల రెండు థర్మామీటర్లు, ఒకదానికి తడిగుడ్డ చుట్టినది, వేలాడుతూ ఉండేవి. వాటిని చదివి చెప్పడం ఆదివారాల్లో నా ఉద్యోగం. నేను అంకె చెప్పేలోపే ఆయన తలుపు సందులోంచి వాసన చూసి, "బాబూ, ఇంకో రెండు మొద్దులు తగ్గించాలి" అనేవాడు. చివరిరోజున అడుగు వరసలోని ఒక ఈనెను తీసి విరిచేవాడు. టప్‌మని విరిగితే సరి. వంగిందంటే ఆ రాత్రి కూడా ఎవరికీ నిద్ర లేదు.

ఈ సందర్భంలో ఒక పాత కథ చెప్పాలి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో 1839లో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస, తన యజమాని స్లేడ్ గారి బ్యారన్‌కు కాపలా ఉంటూ నిద్రపోయాడట. లేచేసరికి నిప్పు ఆరిపోవచ్చింది. భయపడి కొలిమి దగ్గరున్న బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా వేడి పెరిగింది. తీరా చూస్తే ఆకు అంతవరకూ ఎవరూ చూడనంత పసుపు రంగులో వచ్చింది. ఈ పద్ధతిని తర్వాత యజమాని ఊరూరా ప్రచారం చేశాడు. అదే వేడి మొదటి రోజున తగిలి ఉంటే ఆకు పచ్చగా మాడేది. సరైన వేళకు తగలబట్టి బంగారమైంది. పని స్టీఫెన్‌ది, పేరు స్లేడ్‌ది. నోట్ ఫైలు రాసేది గుమాస్తా, సంతకం ఆఫీసరు గారిది గదా! ఇందులో మనకు కొత్త ఏమీ లేదు.

బ్యారన్ చల్లారాక పని అయిపోయిందనుకోకూడదు. అప్పుడు ఆకు అప్పడంలా ఉంటుంది. ముట్టుకుంటే పొడి. అందుకని రాత్రిపూట తలుపులు తెరిచి మంచు గాలి తగలనిస్తారు. ఆకు కాస్త తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. దీన్నే పదునెక్కడం అంటారు. పదును చూసి దింపి, మండెలు కడతారు. మండెలో ఆకు కొన్ని వారాలు మగ్గుతుంది. ఘాటు తగ్గి వాసన కుదురుతుంది, రంగు ఒకే తీరుకు వస్తుంది. పదును ఎక్కువైతే మండె లోపల వేడెక్కి ఆకు నల్లబడుతుంది. అందుకని చెయ్యి లోపలికి పెట్టి చూస్తూ మధ్యమధ్య తిరగేస్తారు. ఆ తర్వాత గ్రేడింగు, బేళ్లు, వేలం. కొన్న కంపెనీలు కూడా ఆకును మళ్లీ ఆరబెట్టి, తేమను నూటికి 12 పాళ్ల దరిదాపుకు తెచ్చి, ఏడాది రెండేళ్లు గోదాముల్లో మాగనిచ్చాకే వాడతాయి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ధర అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలాలు 1985లో మొదలయ్యాయి. అంతకు ముందు కొనేవారు చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే ధర. వేలం వచ్చాక పదిమంది ఎదుట పాట జరగడం మొదలైంది. అయినా బేలు విప్పగానే కొనేవారి కన్ను మొదట పడేది రంగు మీదే. మా బావగారి ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే చేను పంచుకుని, ఒకే నారు వేసి, ఒకే ఎరువు వాడారు. తమ్ముడు కూలీలు మళ్లీ దొరకరేమోనన్న భయంతో పండిన ఆకునూ పండని ఆకునూ కలిపి కోయించి ఒకే బ్యారన్‌కు ఎక్కించాడు. ఒకటి పసుపెక్కేసరికి మరొకటి పచ్చగా ఉంది. దాని కోసం ఆగితే ఇది మచ్చపడింది. వేలంలో అన్నగారి బేళ్లు ముందు వరసలో పోయాయి, తమ్ముడివి లో గ్రేడు కింద మిగిలాయి. పొలంలో నాలుగు నెలల కష్టం ఇద్దరిదీ ఒక్కటే. తేడా వచ్చింది ఆ ఆరు రోజుల్లో.

అసలు ధరే పడిపోయిన ఏడాది మంచి ఆకు కూడా ఆదుకోదు. 2015లో ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్న సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక నిప్పు భయం. కర్ర జారి ఒక ఎండుటాకు కాలే గొట్టం మీద పడితే చాలు. ఒక ఫిబ్రవరిలో అలా కాలిన బ్యారన్‌కు పంచనామా రాయడానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారితో నన్ను పంపారు. మేం వెళ్లేసరికి నాలుగు గోడలు, వంగిన గొట్టాలు మిగిలాయి. నష్టం కాలమ్‌లో ఏం రాయాలని ఇంటావిణ్ణి అడిగాను. ఆమె, "ఆకు పోయింది, కప్పు పోయింది అని రాయి నాయనా. అప్పు కాగితం కూడా దాంతోపాటే కాలిపోయిందని రాయగలవా?" అంది. నేను రాసిన వేల కాగితాల్లో అది మాత్రం మరచిపోలేను. అంత అప్పూ ఆ గదిలో వేలాడే ఆకు మీద తెచ్చిందే.

కట్టెల సంగతి కూడా చెప్పాలి. ఒక కిలో తయారైన పొగాకుకు సుమారు 4 నుంచి 5 కిలోల కట్టెలు కాలుతాయని అంచనా. అడవి కట్టె తగ్గి సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వచ్చాయి. కప్పు కింద వేడి నిలిచే ఏర్పాట్లు, పొట్టుతో చేసిన ఇటుకలు వచ్చాయి. అయినా నిప్పు నిప్పే, ఖర్చు ఖర్చే.

ఇప్పుడు మన వయసువారికి ముఖ్యమైన మాట. ఇంత చేసీ క్యూరింగ్ మార్చనిది ఒకటుంది. అది నికొటిన్. రంగు మారుతుంది, తీపి వస్తుంది, వాసన కుదురుతుంది. విషం మాత్రం ఆకులోనే ఉంటుంది. తడి ఆకును కోసే, అల్లే కూలీలకు చర్మం గుండానే అది ఒంట్లోకి పోయి తల తిరగడం, వాంతులు రావడం కద్దు. ఘాటు తగ్గిందంటే గొంతుకు మెత్తగా ఉందని అర్థమే గాని, గుండెకు మెత్తగా ఉందని కాదు. మెత్తగా ఉండేసరికి పొగ ఇంకా లోతుకు పీల్చబుద్ధవుతుంది. "మాది మంచి రకం, ఖరీదైనది" అనే మిత్రులు ఇది గమనించాలి. వేలంలో మంచి ఆకంటే కొనేవాడికి మంచిది అని మాత్రమే.

పైగా ఆరబెట్టే తీరు తప్పితే కొత్త విషం చేరుతుంది కూడా. పొగ ఆకుకు తగలకూడదని ఇందాక చెప్పాను గదా. అమెరికాలో 1970ల నుంచి గొట్టాలు తీసేసి, గ్యాసు మంటల వేడిగాలిని నేరుగా ఆకు మీదికే పంపే బ్యారన్లు వచ్చాయి. ఖర్చు తగ్గింది, పని సులువైంది. ఆ మంటలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులోని పదార్థాలతో కలిసి నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు పెరుగుతున్నాయని 1990ల చివర్లో తేలింది. 2000 సంవత్సరం తర్వాత ఆ బ్యారన్లన్నిటికీ మంట గాలి ఆకుకు తగలకుండా మార్పులు చేయించారు. మన పాత గొట్టాల బ్యారన్‌లో ఆ ప్రత్యేక ప్రమాదం తక్కువ. అంతమాత్రాన మన ఆకు నిరపాయం అనడానికి వీల్లేదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు నిప్పు ఉన్న కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటునూ, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్‌నూ వైద్యులు దశాబ్దాలుగా పరిశీలించి రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పొగాకు వల్ల ఏటా 70 లక్షలకు పైగా మనుషులు చనిపోతున్నారు. మా బావగారు కూడా జీవితమంతా వర్జీనియా పండించి, చుట్ట తాగి, గొంతు వ్యాధితోనే పోయారు. ఆకు గురించి ఆయనకు తెలియనిది లేదు. ఆ ఒక్కటీ వినలేదు.

అమ్మలు ఇంతసేపూ ఓపికగా విన్నారు గనుక వారికి పనికివచ్చే ముక్క ఒకటి చెప్పి ముగిస్తాను. సూత్రం వంటింట్లోనూ ఇదే. పొగాకులో పచ్చదనం పోవాలి, కరివేపాకులో నిలవాలి. అందుకే కరివేపాకును కడిగి, తడి లేకుండా తుడిచి, నీడలో గాలి ఆడేచోట త్వరగా ఆరబెట్టాలి. కుప్పగా పోస్తే పసుపెక్కుతుంది. మిరపకాయలు గలగలమనేదాకా ఎండాలి. తొడిమ దగ్గర తడి మిగిలితే బూజు పడుతుంది. బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, అది లివరుకు చేటు. బూజు కాయను దులిపి వాడుకోవద్దు, పారెయ్యండి. ఎండలోంచి తెచ్చిన వేడి సరుకును వెంటనే డబ్బాలో మూతపెట్టవద్దు, చల్లారనివ్వండి.

చుట్టా సిగరెట్టూ ఉన్న మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈ వయసులో మానితే ఏం లాభం అనుకోకండి. ఏ వయసులో మానినా లాభమేనని డాక్టర్లు చెబుతున్నారు. రైతు మీద మాత్రం కోపం వద్దు. రాత్రంతా పొయ్యి ముందు కూర్చునే ఆ మనిషికి మరో పంట, దానికి సరైన ధర దొరికిననాడు అతనే ముందు ఆ బ్యారన్‌కు తాళం వేస్తాడు.